కేతిగాడికి కాస్త చోటు
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఏడాది దేని గురించి మాట్లాడతారని అడిగితే, యానిమేషన్ పాటల్లో సామాజిక, రాజకీయ వ్యాఖ్యానం గురించి అన్నాను. నిర్వాహకులు మర్యాదస్తులు కాబట్టి కాదనలేదు. మార్కాపురం వంటి, నీళ్ళకు కటకటలాడే ప్రాంతంలో బొమ్మల పాటలేమిటన్న సందేహం మాత్రం వాళ్ళ ముఖాల్లో కనిపించింది. సందేహం న్యాయమైనదే. నేనూ నీళ్ళ దగ్గరికే వస్తాను, కాకపోతే బొమ్మల దారిన వస్తాను.

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆ మాస్టారు బోర్డులు రాసి బతికిన మనిషి. బళ్ళో ఉద్యోగం లేదు. సాయంత్రాలు పిల్లలకు బొమ్మలు నేర్పేవారు కాబట్టి అందరికీ మాస్టారయ్యారు. ఫ్లెక్సీలు రాకముందు ఎన్నికలొస్తే ఈ చుట్టుపక్కల గోడలు ఆయన కుంచె కోసం కాచుకునేవి. పొద్దున హస్తం, మధ్యాహ్నం సైకిలు, పొద్దుగూకే వేళకు కంకి కొడవలి. ఎవరి కూలి వాళ్ళ దగ్గర పుచ్చుకుని ఎవరి గుర్తు వాళ్ళకు శ్రద్ధగా వేసిచ్చేవారు. ఏ పార్టీ గోడైనా సరే, కుడివైపు కింది మూలలో చిన్న అక్షరాలతో తన పేరు రాసేవారు. గోడ మీద ఎవరి గొప్ప ఉన్నా, ఆ గీత ఎవరిదో చూసేవాళ్ళకు తెలియాలని ఆయన పట్టుదల. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషికి లేని స్వేచ్ఛ బొమ్మకు ఉంది. ఎదురుగా నిలబడి అంటే తన్నడానికి వచ్చేవాడు కూడా అదే మాట బొమ్మ అంటే నవ్వి ఊరుకుంటాడు. ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు. నేను బొమ్మను, నన్ను ఆడించేవాడు తెర వెనక ఉన్నాడు అని బొమ్మ ముందే ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలుకు ప్రతిఫలంగా ఊరు దానికి నోరిచ్చింది. ఒప్పుకోలు పోయిన రోజు ఆ నోటికి విలువా పోతుంది.

కొండ మీద తెర

యానిమేషన్ పాట అంటే ఏమిటి? పాటకు తగ్గట్టు కదిలే బొమ్మ. ఆ లెక్కన మనకిది కొత్త విద్య కాదు. పాల్కురికి సోమనాథుడు సుమారు 13వ శతాబ్దంలో రాసిన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం ఉంది. అందులో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం ముందు రకరకాల ఆటలవాళ్ళు కనిపిస్తారు. గుడ్డతెర మరుగున బొమ్మలు పెట్టి భారతం వంటి కథలు ఆడించేవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. శ్రీశైలానికి తూర్పు వాకిలి మన త్రిపురాంతకం. ఇటు నుంచి కొండెక్కే దారి దోర్నాల మీదుగానే. తెలుగులో పాటకు కదిలే బొమ్మల గురించి దొరికే పాత ప్రస్తావనల్లో ఒకటి, మన కిటికీలోంచి చూస్తే కనిపించే ఆ నల్లమల మీద జరిగింది.

తోలుబొమ్మలాట చూసిన పెద్దలు ఇక్కడున్నారు. చూడని పిల్లల కోసం చెబుతాను. మేకతోలును పలచగా, వెలుగు సోకితే మెరిసేలా చేసి, రంగులు వేసి, నగల చోట సన్నని రంధ్రాలు పొడుస్తారు. ఆంధ్ర దేశపు బొమ్మలు పెద్దవి, కొన్ని మనిషెత్తున ఉంటాయి. మోచేతులూ, మోకాళ్ళూ, మెడా విడిగా కట్టి పుల్లలతో ఆడిస్తారు. తెల్లని పంచె తెర, దాని వెనక దీపాలు, హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధం ఘట్టం వస్తే ఆటగాళ్ళు కాలి కింది చెక్కపలకలను దబదబ తొక్కుతారు. సౌండు ఎఫెక్టులన్న మాట! శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ విద్య ఇప్పటికీ బతికుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

రాముడు, రావణుడు పద్యాల్లో మాట్లాడతారు. ఆటలో ఊరి భాష మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు. జుట్టుపోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, మధ్యలో దూరే కేతిగాడు. వీళ్ళకు రామాయణంతో పని లేదు. సీత అశోకవనంలో ఏడుస్తుంటే వీళ్ళు గబుక్కున తెర మీదికొచ్చి కొట్టుకుంటారు, బూతులాడతారు, ఊరి కరణాన్ని, షావుకారును, ఆటకు డబ్బులిస్తానని ఎగ్గొట్టినవాడిని ఏకిపారేస్తారు. ఈ ఆట మీద పరిశోధన చేసిన జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ తన వ్యాసమొకదానికి ఏకంగా ఆట పగ్గాలు విదూషకుల చేతిలోనే ఉన్నాయన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ మాటలో నిజముంది. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేది దేవుడైనా, మరునాడు రచ్చబండ దగ్గర జనం తలుచుకునేది కేతిగాడినే.

బుర్రకథ చూడండి. కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ పల్నాటిదైనా, అల్లూరిదైనా, రాజకీయ వంత నేటి సంగతిలోకి దాన్ని లాక్కొచ్చి ముడిపెట్టాలి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ వంటి కళాకారులు ఆ చోటును ఎంత పదునుగా వాడుకున్నారంటే, పాలకులు బుర్రకథను నిషేధించవలసి వచ్చింది. మన కళల్లో వ్యాఖ్యానం ఎవరో దయతలచి చేర్చిన ఉప్పు కాదు. దానికి ముందే ఒక పీట వేసి ఉంచారు. ఆటగాడు రాగానే ఆ పీట మీద కూర్చోవడమే.

పలక మీద పుట్టిన విద్య

ఇప్పుడు సినిమా వైపు వస్తాను. కదిలే బొమ్మలను ఫిల్ము మీద చూపించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1906లో అమెరికాలో జె. స్టువర్ట్ బ్లాక్టన్ చేశాడు. నల్లబల్ల మీద సుద్దముక్కతో ముఖాలు గీసి, కొంచెం తుడిచి, మళ్ళీ గీసి, ప్రతిసారీ ఒక ఫోటో తీశాడు. రెండేళ్ళ తర్వాత ఫ్రాన్సులో ఎమిల్ కోల్ సుమారు 700 బొమ్మలతో 'ఫాంటస్మగోరీ' తీశాడు. ఆయన తెల్ల కాగితం మీద నల్ల గీతలే గీశాడు. నల్లబల్ల మీద సుద్దగీతల్లా కనిపించాలని నెగెటివుగా ముద్రించాడు. అంటే ఈ విద్య మొదట నేర్చుకున్నది నలుపు మీద తెల్లగీత. దేశంలో లక్షల మంది చేతుల్లోకి పలక పంపిన మార్కాపురంలో కూర్చుని ఈ మాట వింటున్నాం మనం.

పలక పేరెత్తాను కాబట్టి దాని రెండో వైపు కూడా తిప్పి చూడాలి. 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం తెచ్చి, పిల్లలు ఎక్కువగా పనిచేసే పరిశ్రమలను ఎంచి ప్రత్యేక పథకాలు పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి పక్కన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఆ జాబితాలో ఉంది. ఎక్కడో ఒక పిల్ల 'అ ఆ' దిద్దుకోవడానికి ఇక్కడో పిల్ల బడి మానేసి, రాతి దుమ్ములో కూర్చుని పలక నునుపు చేసింది. దీనికి పాట అల్లడానికి ఉపమానాలు వెతకనక్కర్లేదు. ఒక పలక చేతులు మారుతూ పోయే దారిని గీస్తే చాలు, వ్యాఖ్యానం దానంతటదే వస్తుంది.

ఆ దారి గీయడానికి ఎంత చాకిరీ అవుతుందో హైదరాబాదు స్టూడియోల్లో పనిచేసినవాడిగా నాకు తెలుసు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. మూడు నిమిషాల పాటకు 4,320. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 2,160 బొమ్మలు కావాలి. అందుకే ముందు పాటను ముక్కలు చేసి, ఏ మాట ఏ ఫ్రేములో పడుతుందో చీటీ రాసుకుంటాం. దరువు పడిన చోటే చెయ్యి తిరగాలి, కాలు పడాలి. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా కన్ను ఒప్పుకోదు. ఇంత కష్టం గనక యానిమేషన్ పాటలో పనికిరాని బొమ్మ ఉండదు. సినిమా కెమెరాలో దారినపోయే కుక్క తనంతట తాను పడుతుంది. యానిమేషన్‌లో కుక్క ఉందంటే ఎవడో కూర్చుని గీశాడు, దానికో కారణం ఉంది. రాజకీయ వ్యాఖ్యానానికి ఈ రూపం ఇంత బాగా అమరడానికి అదే మూలం. తెర మీది ప్రతి వస్తువూ ఎవరో కావాలని పెట్టిందే.

దేశాలు దాటిన కేతిగాళ్ళు

బయటి దేశాల నుంచి మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది పింక్ ఫ్లాయిడ్ బృందం పాట. గోడలో ఇంకో ఇటుక అన్న అర్థం వచ్చే ఆ పాట 1979లో వచ్చింది. పిల్లలను ఒకే అచ్చులో పోసే చదువు మీద తిరుగుబాటు అది. దానికి బొమ్మలు గీసిన జెరాల్డ్ స్కార్ఫ్ పత్రికల్లో రాజకీయ కార్టూనిస్టు. ఆయన గీతలో సుత్తులు సైనికుల్లా కవాతు చేస్తాయి. 1982లో వచ్చిన 'ద వాల్' సినిమాలో ఆ సుత్తులు మరింత భయపెడతాయి. దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు తమకు అంటగట్టిన నాసిరకం చదువుకు ఎదురు తిరుగుతూ ఈ పాట పాడుకున్నారు. 1980లో అక్కడి ప్రభుత్వం పాటను నిషేధించింది. కేంబ్రిడ్జి బడిని తలుచుకుని కట్టిన పాట దక్షిణాఫ్రికా పిల్లలకు సొంతమైంది. బాగా గీసిన గోడ ఏ ఊళ్ళోనైనా గోడే మరి.

రెండోది 1986 నాటి జెనెసిస్ బృందం పాట 'లాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్'. ఇందులో ఉన్నవి గీసిన బొమ్మలు కావు, ఆడించే రబ్బరు బొమ్మలు. బ్రిటన్ టీవీలో 'స్పిటింగ్ ఇమేజ్' కార్యక్రమం కోసం నాయకుల ముఖాలను వికారంగా మలిచిన పీటర్ ఫ్లక్, రోజర్ లాల చేతిపని. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అమెరికా అధ్యక్షుడు రీగన్ బొమ్మ మంచమ్మీద పడుకుని ఉంటుంది. ఒక పక్క భార్య, మరో పక్క చింపాంజీ. పీడకల మొదలవుతుంది, చెమటలు కారి పక్క తడిసి మడుగవుతుంది. కలలో దేశదేశాల నాయకులు వరసగా వచ్చి పోతారు. చివర ఉలిక్కిపడి లేచి, నర్సును పిలవడానికి తల దగ్గరున్న మీట నొక్కుతాడు. అక్కడ రెండు మీటలుంటాయి. ఒకటి నర్సుకు, రెండోది అణుబాంబుకు. ఆయన రెండోది నొక్కుతాడు. ప్రచ్ఛన్న యుద్ధం మీద వందల పుస్తకాలు వచ్చాయి. ప్రపంచం ఒక మతిమరుపు ముసలాయన వేలి కింద ఉందన్న భయాన్ని ఇంత పొట్టిగా చెప్పింది మాత్రం ఈ రబ్బరు బొమ్మే.

ఆ పాటలో ఇంకో విశేషం ఉంది. పాడినవాళ్ళు కూడా అందులో బొమ్మలే, అదీ నాయకులకు ఏమాత్రం తీసిపోని వికారంతో. గాయకుడు ఫిల్ కాలిన్స్ తన మీద ఆ కార్యక్రమంలో వేసిన వెక్కిరింపు చూసి, కోపగించుకోకుండా వాళ్ళకే తన పాట అప్పగించాడు. ఎదుటివాడిని ఎగతాళి చేసే హక్కు ముందు తనను తాను ఎగతాళి చేసుకున్నవాడికే ఉంటుందని అతనికి తెలుసు. కేతిగాడి బొజ్జ, జుట్టుపోలిగాడి బోడితల మీద పిలక కూడా అందుకే ఉన్నాయనుకుంటాను.

మూడోది 2016లో సంగీతకారుడు మోబీ చేసిన పాట. స్టీవ్ కట్స్ దాన్ని 1930ల నాటి పాత కార్టూన్ల పద్ధతిలో, నలుపు తెలుపుల్లో గీశాడు. ఒక పసివాడు ఊరంతా తిరుగుతుంటాడు. అందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉంటాయి. ప్రమాదం జరిగినా, మనిషి చనిపోతున్నా సాయానికి చేతులు రావు, ఫోన్లు లేస్తాయి. చివరికి జనం ఫోన్లు చూసుకుంటూనే అంచు దాటి అగాధంలో పడిపోతారు. ఆ పాటను కోట్ల మంది ఫోన్లోనే చూశారు. చూసిన క్షణం పాటు సిగ్గుపడి ఉంటారు, తర్వాత వేలు పైకి జరిపి ఇంకో వీడియోకు వెళ్ళి ఉంటారు. వ్యాఖ్యానానికి ఉన్న పరిమితి కూడా ఇక్కడ కనిపిస్తోంది. 'మనుషులు చెడిపోయారు' అని అందరినీ కలిపి తిట్టే పాట ఎవరికీ తగలదు. రీగన్ బొమ్మ ఒక్కడికి తగిలింది, అందుకే గుర్తుండిపోయింది.

మన తెర మీద ఏముంది

మన దేశంలో ప్రభుత్వం బొమ్మను తొందరగానే చేరదీసింది. 1954లో పెట్టిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ పంచవర్ష ప్రణాళికల ప్రచారానికి, కుటుంబ నియంత్రణకు పల్లె కళాకారులను, బొమ్మలాటలవాళ్ళను వాడుకుంది. కళాకారులకు నాలుగు డబ్బులు ముట్టాయి, మంచిదే. బంగారక్క నోట్లో మాత్రం ప్రభుత్వం రాసిచ్చిన మాటలు పడ్డాయి. ఊరిని వెక్కిరించే మనిషి ఊరికి పాఠం చెప్పే పంతులమ్మ అయింది.

ఆ దారిలో మేలైన పని కూడా జరిగింది. 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయా మూలే రూపొందించిన, భీమ్‌సేన్ యానిమేషన్ చేసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' నా వయసువాళ్ళకు దూరదర్శన్‌లో చూసిన గుర్తు. వలలో చిక్కిన పిట్టలన్నీ ఒక్కసారిగా ఎగిరి వలతో సహా పోతాయి. హిందీ రాని మా ఇళ్ళల్లో కూడా పిల్లలు ఆ రాగం తీశారు. ఐకమత్యం అవసరమని దేశానికి చెప్పిన గొప్ప పాట అది. వేటగాడు వల ఎందుకు వేశాడు అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. ప్రభుత్వం తీసిన పాటలో ఆ ప్రశ్న ఉంటుందని మనమూ ఆశించకూడదు.

తర్వాత హైదరాబాదు యానిమేషన్‌కు పెద్ద కేంద్రమైంది. 2008లో పోగో ఛానెల్లో మొదలై దేశమంతా పిల్లలు వదలకుండా చూసిన ఛోటా భీమ్ అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టినవాడే. చేతిపనిలో మన కుర్రాళ్ళు ఎవరికీ తీసిపోరని రుజువైంది. కాకపోతే ధోలక్‌పూర్‌లో ఎన్నికలు లేవు. రాజు ఇంద్రవర్మ దయామయుడు. ఆపద ఎప్పుడూ ఊరి బయటి నుంచే వస్తుంది, లడ్డూ తిన్న భీముడు దాన్ని తరిమేస్తాడు. ఊళ్ళో బావి ఎందుకు ఎండిందని ఏ పిల్లాడూ రాజును అడగడు. పిల్లల కథ అలా ఉంటే తప్పు లేదు. మనకున్న యానిమేషనంతా అలాగే ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఫోన్లో తెలుగు బొమ్మల పాటలు చూడండి. ఒక పక్క పిల్లల రైములు, ఒక పక్క భక్తి పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు. పార్టీ పాటలో బొమ్మ పని పొగడటమో, ఎదుటివాడిని బండబూతులు తిట్టడమో. రెండూ డబ్బిచ్చినవాడు చెప్పిన పనులే. రాజకీయ వంత పీట ఖాళీగా ఉంది. దాని మీద పార్టీ కండువా పరిచి ఉంది.

దీపం దాచిన బొమ్మ

ఈ లోపల కృత్రిమ మేధ వచ్చింది. మేము నెలల తరబడి గీసిన 2,160 బొమ్మలు నాలుగు వాక్యాలు టైపు చేస్తే నిమిషాల్లో వస్తున్నాయి. మా వృత్తికి ఇది దెబ్బే, దాని గురించి ఇంకో సభలో ఏడుద్దాం. ఊళ్ళో పిల్లలకు ఇది అవకాశమని కూడా ఒప్పుకోవాలి. స్టూడియో అక్కర్లేదు, ఫోను చాలు. ప్రమాదం మరోచోట ఉంది.

2018లో చనిపోయిన తమిళనాడు నాయకుడు కరుణానిధి 2024 జనవరిలో చెన్నైలో ఒక పుస్తకావిష్కరణ సభ తెర మీద కనిపించి మాట్లాడారు. మన పాటల విషయమే చూస్తే, 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడారని, తమ అనుమతి తీసుకోలేదని ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. బాలు చనిపోయింది 2020 సెప్టెంబరులో. గొంతుకు వారసులెవరు, పాడని పాటకు బాధ్యులెవరు అన్న ప్రశ్నలు అలా మన ఇంట్లోకే వచ్చాయి.

తోలుబొమ్మ రావణుడిని చూసి నిజం రావణుడనుకుని పారిపోయినవాడు లేడు. తెర తెలుస్తుంది, దీపం తెలుస్తుంది, పుల్ల నీడ కూడా పడుతుంది. రబ్బరు రీగన్‌ను చూసి అసలు రీగన్ అనుకున్నవాడూ లేడు. డీప్‌ఫేక్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అది దీపాన్ని దాస్తుంది, పుల్లను దాస్తుంది, ఆడించేవాడి పేరు అసలే చెప్పదు. ఒక నాయకుడి ముఖాన్ని ఉబ్బించి, ముక్కు సాగదీసి, అతను చెయ్యని పని చేసినట్టు గీస్తే అది వ్యంగ్యం. చూసేవాడికి అది గీత అని తెలుసు. అతని ముఖాన్నీ గొంతునూ అచ్చుగుద్దినట్టు దించి, అనని మాట అన్నట్టు చూపిస్తే అది అబద్ధం. మొదటిదానికి నేను ఎంత స్వేచ్ఛ అయినా అడుగుతాను. రెండోదాన్ని యానిమేషన్ అని పిలవడానికి కూడా నాకు మనసొప్పదు. మాస్టారు గోడ మూలన ఎందుకు పేరు రాసేవారో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

కేంద్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో ఐటీ నిబంధనల సవరణకు విడుదల చేసిన ముసాయిదాలో, కృత్రిమంగా తయారుచేసిన దృశ్యాలకు కంటికి కనిపించే గుర్తు ఉండాలని ప్రతిపాదించింది. ఆలోచన సరైనదే. కాకపోతే ఆ నిబంధనల కర్ర పట్టుకుని నిజాయితీగా బొమ్మ గీసినవాణ్ణి కూడా కొట్టకూడదు. 2012లో ముంబయిలో కార్టూనిస్టు అసీం త్రివేది మీద రాజద్రోహం కేసు పెట్టి అరెస్టు చేశారు. ఆయన తన కార్టూన్లను తన పేరుతోనే వేశాడు. పేరు పెట్టి గీసినవాడిని జైల్లో పెట్టి, పేరు లేకుండా మోసం చేసేవాడిని గాలికొదిలేస్తే, రేపటి పిల్లలు నేర్చుకునే పాఠం పేరు దాచుకోమనే.

వెలిగొండ పాట

ఇక నీళ్ళ దగ్గరికి వస్తాను. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడుతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మొట్టమొదట వైద్య పత్రాల్లో నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. జిల్లాలు మారాయి, బోరులోని నీరు మారలేదు. ఇక్కడికి కృష్ణా నీళ్ళు తేవాలని తలపెట్టి, కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2004లో రాజశేఖరరెడ్డి హయాంలో మళ్ళీ పనులు మొదలయ్యాయి. 2024 మార్చిలో జగన్మోహనరెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఒక్కో సొరంగం దాదాపు 18.8 కిలోమీటర్లు. 43.5 టీఎంసీల కృష్ణా నీటిని నల్లమల సాగర్‌కు మళ్ళించి, 4.47 లక్షల ఎకరాలకు, సుమారు 15 లక్షల మంది గొంతులకు అందించాలన్నది లక్ష్యం. అంకితం జరిగిన నాటికి ముంపు గ్రామాలవాళ్ళ పునరావాసం పూర్తి కాలేదు, నీళ్ళు పొలానికి చేరలేదు.

దీని మీద యానిమేషన్ పాట తీస్తే ఎలా ఉంటుందని నాలో నేను ఒక స్టోరీబోర్డు వేసుకున్నాను. మొదటి చరణంలో 1996. శిలాఫలకం ఆవిష్కరణ, పూలదండలు, పక్కనే చీమిడి ముక్కుతో నిలబడ్డ పిల్లాడు. శిలాఫలకం కూడా ఒక పాత్రే, దానికి కళ్ళూ నోరూ ఉన్నాయి. రెండో చరణంలో ఇంకో ఫలకం దాని పక్కన చేరుతుంది. పిల్లాడికి మీసాలొచ్చాయి, ఊరి నుంచి కూలికి బెంగుళూరు బస్సెక్కుతున్నాడు. మూడో చరణంలో మూడో ఫలకం. అతనికి నెరిసిన జుట్టు, పక్కన పళ్ళ మీద గార పట్టిన కొడుకు. ఫలకాలు మూడూ తమలో తాము పోట్లాడుకుంటాయి, నేను ముందంటే నేను ముందని. అప్పుడు వస్తుంది బంగారక్క, చంకలో ఖాళీ బిందె.

"ఏందయ్యా, ముగ్గురూ రాళ్ళే! మీ మీద పేర్లు బాగానే చెక్కించుకున్నారు గానీ, మీలో ఎవరి కింద తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పండి, తెచ్చుకుని పోతా" అంటుంది.

కేతిగాడు వెనక నుంచి అందుకుంటాడు. "ఎందుకమ్మే తొందర? ఇంకో ఎలక్షనొచ్చిందంటే నాలుగో రాయొస్తాది. నాలుగు కలిపి పొయ్యి పెట్టుకోవచ్చు."

"పొయ్యికి మూడు రాళ్ళు చాలు కదరా!"

"నాలుగోది నీళ్ళు పోసి ఆర్పేవాడు కూర్చోడానికిలే!"

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు, అది కావాలనే అలా చేశాను. బంగారక్క ఒకడిని వదిలేసి ఇంకొకడిని తిట్టిందంటే, ఆమె బిందెలో ఎవరో ముందే డబ్బులు వేసినట్టు లెక్క. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాటలో నాయకుడు ఎంత ఉన్నాడో, ముంపు ఊళ్ళో ఇల్లు ఖాళీ చెయ్యవలసినవాడు అంతకంటే ఎక్కువ ఉండాలి. పలక దుమ్ములో కూర్చున్న పిల్ల, పైపు దగ్గర పొద్దున్నించీ వరసలో పెట్టిన బిందెలు, అడవి విడిచి రమ్మంటే కదలని చెంచు ముసలామె, వీళ్ళ ముఖాలు గీయడానికి కాలం ఖర్చుపెట్టని పాట తిట్ల దగ్గరే ఆగిపోతుంది. మన గుర్తుల్లోనే వ్యాఖ్యానం ఉంది. గుర్తులు తెలియనివాడు బయటి నుంచి వచ్చి ఎడారినీ, పగిలిన నేలనూ, నెత్తిన చెయ్యి పెట్టుకున్న రైతునూ గీసి పోతాడు. ఆ మూడూ ఏ జిల్లాకైనా సరిపోతాయి, అందుకే ఏ జిల్లాకూ సరిగ్గా సరిపోవు.

చివరగా

మాస్టారి పేరిట ఏటా పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెడుతున్నారు. 'జలమే జీవం', 'పచ్చదనం – పరిశుభ్రత' వంటి విషయాలిస్తున్నారు. పిల్లలు చెట్టునూ, బిందువునూ, భూగోళాన్నీ అందంగా గీస్తున్నారు. వచ్చే ఏడాది నుంచి దాని పక్కన బొమ్మల పాట పోటీ కూడా పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. ముగ్గురో నలుగురో కలిసి, ఒక నిమిషం పాట. చేత్తో గీసి ఫోనుతో ఫోటోలు తీసినా సరే, తోలుబొమ్మలు కాగితంతో కత్తిరించి ఆడించినా సరే, కృత్రిమ మేధతో చేసినా సరే. నియమాలు మూడు చాలు. పాట మన ఊరి మాటలో, మన ఊళ్ళో నిజంగా ఉన్న ఒక్క సంగతి మీద ఉండాలి. ఏ పార్టీవాడూ, ఏ అధికారీ 'ఇది మావాళ్ళ పాట' అని పంచిపెట్టుకోవడానికి పనికి రాకూడదు. మూడోది, మాస్టారు పెట్టిన నియమం. బొమ్మలు ఎవరు గీశారో, దేనితో చేశారో, ఎవరి గొంతు వాడారో కింది మూలన రాయాలి.

పిల్లలకు ఒక మాట. పోటీలో గెలవడం కోసం పెద్దలకు నచ్చేలా గీయకండి. ఫిల్ కాలిన్స్ దగ్గర నేర్చుకోవలసింది ఒకటుందని ఇందాక చెప్పాను. మీ కేతిగాడు ఎవరినైనా వెక్కిరించవచ్చు, ముందు సొంతవాళ్ళతో మొదలుపెట్టాలి. నీళ్ళ బాటిళ్ళు వరసగా పెట్టుకున్న వేదిక ఎక్కి, నీటి ఎద్దడి గురించి గంటసేపు మాట్లాడిన మనిషి ఒకడు మీ ఎదుటే ఉన్నాడు. ముక్కు ఎంత పొడుగ్గా గీసినా నోటీసు పంపనని ఈ సభలో మాట ఇస్తున్నాను.